పందికి ఏ తుపాకీ, జింకకు ఏ దారి

మొక్కజొన్న కంకి పాలు పోసుకునే వేళ వచ్చిందంటే మన మండల సమావేశాల్లో ఎరువుల మాట పక్కకు పోయి తుపాకీ మాట ముందుకొస్తోంది. పన్నెండు బోరు చాలదు, మూడు వందల పదిహేను కావాలని ఒకరంటారు. దానికన్నా 30-06 రైఫిల్ దూరం కొడుతుందని ఇంకొకరు. ఫోన్లో అమెరికా వేటగాళ్ళ వీడియోలు చూసే కుర్రవాళ్ళు 270కీ 308కీ తేడా ఏమిటో కూడా అప్పజెబుతున్నారు. రాత్రికి రాత్రి అరెకరం చేను పందుల పాలయిన రైతుకు ఆ కోపం రావడం సహజం. ఆ కోపాన్ని ఎవరూ తప్పు పట్టనక్కరలేదు.

అయితే ఈ వాదన చాయ్ దగ్గరే ఆగడం లేదు. 'ప్రతి రైతుకూ రైఫిల్ లైసెన్సు' అనే డిమాండును సంఘం భుజాన వేసుకోవాలని కొన్ని చోట్ల నుంచి గట్టిగా అడుగుతున్నారు. మా అభిప్రాయం దాచుకోకుండా చెబుతున్నాం. ఆ డిమాండు మనకు పనికిరాదు. అంతేకాదు, మన చేలల్లో పనిచేసే మనుషులకే అది ప్రమాదం. ఎందుకో తెలియాలంటే ఈ బోర్ల లెక్క కొంచెం అర్థం చేసుకోవాలి.

270 రైఫిల్ తూటా లావు సుమారు 7 మిల్లీమీటర్లు. 30-06 తూటాది 7.8. తేడా ముప్పావు మిల్లీమీటరు. 308, 30-06 తూటాల లావయితే ఒక్కటే. వెనకున్న మందు గొట్టం ఒకదానికి 51 మిల్లీమీటర్లు, రెండోదానికి 63. 30-06ను అమెరికా సైన్యం 1906లో తీసుకుంది, పేరులోని 06 ఆ సంవత్సరమే. దాని గొట్టం మూతిని నొక్కి సన్నం చేసి 1925లో 270 తెచ్చారు. అంటే అవి ఒకే ఇంటి బిడ్డలు. వంద గజాల్లో నిలబడ్డ దుప్పికి వీటిలో ఏది తగిలినా ఫలితంలో తేడా ఉండదు. అయినా అక్కడి వేటగాళ్ళు తరాలుగా దీని మీద తగవులాడుకుంటూనే ఉన్నారు. మన దగ్గర ఫలానా కంపెనీ పత్తి విత్తనం మేలా, ఫలానాది మేలా అని రచ్చబండ మీద జరిగే వాదన లాంటిదే అది. నేల, వాన, అదను వదిలేసి సంచి మీద బొమ్మ గురించి కొట్టుకోవడం.

వాళ్ళకు ఆ తీరిక ఎలా వచ్చిందో కూడా చూడాలి. అక్కడ దుప్పి వేట చట్టబద్ధం. రాష్ట్ర ప్రభుత్వమే మందను అంచనా వేసి, ఈ ఏడు ఎన్నింటిని కొట్టవచ్చో తేల్చి, రుసుము తీసుకుని చీటీలు ఇస్తుంది. 1937 నాటి చట్టం ప్రకారం రైఫిళ్ళ మీద, తూటాల మీద 11 శాతం పన్ను వసూలు చేసి వన్యప్రాణుల సంరక్షణకే రాష్ట్రాలకు పంచుతారు. కొట్టే హక్కు, కొట్టాల్సిన లెక్క, దానికి డబ్బు అన్నీ ముందే కుదిరాయి కాబట్టి ఇక మిగిలింది ఏ తూటా అన్న ముచ్చటే. మనకు మొదటి మూడూ లేవు.

ఆ వీడియోల్లో కనిపించని సంగతి ఇంకొకటి ఉంది. అమెరికాలోనే మొక్కజొన్న, సోయా పండే చదునైన రాష్ట్రాల్లో, అంటే మన పొలాలకు దగ్గరి పోలిక ఉన్న చోట్ల, దుప్పి వేటకు ఇలాంటి రైఫిళ్ళను ఏళ్ళ తరబడి రానివ్వలేదు. అయోవా, ఒహాయో, ఇల్లినాయ్ రాష్ట్రాల్లో నున్నటి గొట్టం తుపాకీతో ఒంటి గుండు వేసి కొట్టడమే నియమంగా ఉండేది. కొండ అడ్డం లేని చోట, ప్రతి పొలం పక్కన ఇల్లున్న చోట, గురి తప్పిన రైఫిల్ తూటా ఎక్కడ పడుతుందో ఎవరూ చెప్పలేరు. 30-06 తూటా మూడు కిలోమీటర్లు దాటి పోగలదు. ఒహాయో 2014లో, అయోవా 2017లో కొంత సడలించాయి. అదీ తక్కువ దూరం పోయే, నిటారు గొట్టం తూటాలు వేసే రైఫిళ్ళ వరకే.

మూడు కిలోమీటర్లంటే మన దగ్గర ఎంతో లెక్క వేసుకోండి. ఒక ఊరి చేను నుంచి పక్క ఊరి బడి దాకా. మధ్యలో రాత్రి కరెంటు కోసం మోటారు దగ్గరికి బ్యాటరీ లైటు పట్టుకుని పోయే రైతులు, గొర్రెల మంద దగ్గర పడుకున్న కాపరులు, టమాట బండి ఎక్కించడానికి తెల్లవారుజామున లేచిన కూలీలు. అమెరికా రైతుకు వందల ఎకరాల కమతం. మనకు రెండెకరాల చెక్క, నాలుగు వైపులా నలుగురు మనుషులు.

ఇక మన దేశంలో దొరికే తుపాకుల మాట. 315 బోరు రైఫిల్ మన ప్రభుత్వ ఆయుధ కర్మాగారాల్లో తయారవుతుంది. తూటా లావు 8 మిల్లీమీటర్లు. ఇది వేటకు మహా గొప్పదని వచ్చిన కొలత కాదు. బ్రిటిష్ వాళ్ళు తమ సైన్యం వాడే 303 తూటాలు ప్రజల చేతికి చిక్కకూడదని ఆ బోరును నిషేధించారు. సైన్యానికి పనికిరాని వేరే కొలత కావలసి 315 ఇక్కడ స్థిరపడింది. ఆ భయం నేటి నిబంధనల్లోనూ ఉంది. 303, 7.62 సైనిక తూటాలు పట్టే రైఫిల్ ఏదైనా నిషిద్ధ బోరే. మన కుర్రవాళ్ళు ముచ్చటపడే 308లో ఆ 7.62 తూటా పడుతుంది కాబట్టి అది ఎలాగూ మనకు రాదు. 30-06 కావాలంటే ధర పెద్దది. ఆ ధరకు రెండు బోర్లు వేయించుకోవచ్చు, నీళ్ళు పడే బోర్లు.

పన్నెండు బోరు వేరే జాతి. దీని గొట్టం లోపల గాడులు ఉండవు, నున్నగా ఉంటుంది. ఆ గొట్టంలో సరిగ్గా పట్టే సీసపు గుండ్లు పౌనుకు పన్నెండు వస్తాయి కాబట్టి ఆ పేరు. పదహారు బోరు దీనికన్నా సన్నం. పెద్ద అంకె పెద్ద తుపాకీ అనుకుని పొరబడేవాళ్ళు చాలామంది. ఇందులో తుపాకీ కన్నా తూటా ముఖ్యం. పిట్టల చర్రలు వేసి పందిని కొడితే అది చావదు, గాయపడి పొదలోకి దూరుతుంది. మర్నాడు కలుపు తీయడానికి వచ్చిన ఆడవాళ్ళ మీదికి లేస్తుంది. పెద్ద గుండ్ల ఎల్‌జీ తూటా అయితే ముప్పై నలభై గజాల వరకు నమ్మవచ్చు. ఒంటి గుండు ఇంకొంచెం దూరం పనిచేస్తుంది. పంది మన చేలోకి వచ్చేది చీకట్లో, మనకు కనిపించేది ఆ ముప్పై నలభై గజాల్లోనే. మూడు వందల గజాల అవతల ఉన్న పందిని కొట్టే రైఫిల్ మనకెందుకు? అంత దూరంలో చీకట్లో కదిలేది పందో మనిషో ఎలా తెలుస్తుంది?

నున్న గొట్టం తుపాకీ అయినంత మాత్రాన నిశ్చింత అనుకోవద్దు. పెన్సిల్వేనియా రాష్ట్రం 2007లో చేయించిన పరిశీలనలో తేలిన సంగతి ఒకటుంది. నేలకు సమాంతరంగా కాల్చినప్పుడు ఒంటి గుండు నేలను తాకి మళ్ళీ లేచి చాలా దూరం పోతోంది, కొన్నిసార్లు రైఫిల్ తూటా కన్నా ఎక్కువ. అందుకని ఏ తుపాకీ అన్నదానికన్నా ఎక్కడి నుంచి, ఏ వాలున కాల్చారన్నది పెద్ద విషయం. దీనికి మందు మన తాతలు చేలోనే కట్టిపెట్టారు. మంచె. పది పన్నెండు అడుగుల ఎత్తు నుంచి కిందికి కాలిస్తే తప్పిన గుండు మన నేలలోనే దిగబడుతుంది. వడిసెల తిప్పడానికి కట్టుకున్న మంచెలు ఇప్పుడు చాలా ఊళ్ళలో కనిపించడం లేదు. అనుమతి ఉన్న షూటరు వచ్చినా గట్టు మీద నిలబడి కాల్చనివ్వకండి. ముందు మంచె కట్టండి, ఆ రాత్రి చుట్టుపక్కల చేలకు ఎవరూ పోకుండా ఊళ్ళో చాటింపు వేయండి.

మరి చట్టం రైతుకు ఏ తుపాకీ ఇస్తోంది? 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్‌లో పంట రక్షణ అనే మాట స్పష్టంగా ఉంది. నిజంగా పంట కాపాడుకోవడానికి అడిగే పౌరుడికి మూతి నుంచి మందు కూరే తుపాకీ, అంటే మన భాషలో భర్మార్ తుపాకీ, లైసెన్సు ఇవ్వాలని ఉంది. దాని కిందే ఇంకో వాక్యం ఉంది, అది ఎవరూ చదవరు. ఆ తుపాకీ పంట రక్షణకు చాలదని అధికారి భావిస్తే, ఇరవై అంగుళాలకు తక్కువ కాని గొట్టం ఉన్న నున్న గొట్టం తుపాకీ ఏదైనా ఇవ్వవచ్చు. అంటే పన్నెండు బోరు అడిగే దారి చట్టంలోనే ఉంది. రైఫిల్‌కు అలాంటి దారి లేదు. దానికి వేరే బలమైన కారణం చూపాలి, పంట ఒక్కటి చాలదు.

భర్మార్ తుపాకీ సంగతి మనకు తెలియనిది కాదు. ఒక్కసారి కాల్చి మళ్ళీ మందు కూరేలోపు మంద పక్క చేలో ఉంటుంది. మందు ఎక్కువైతే గొట్టం పగిలి కాల్చినవాడి చెయ్యి పోతుంది. 1959లో రాసిన ఈ మాటను 2019లో చట్టం సవరించినప్పుడైనా ఎవరూ ముట్టుకోలేదు. అప్పుడు ఒకరి దగ్గర ఉండగల తుపాకులను మూడు నుంచి రెండుకు తగ్గించారు, లైసెన్సు గడువును మూడేళ్ళ నుంచి ఐదేళ్ళకు పెంచారు, లైసెన్సు లేని తుపాకీకి శిక్షను రెండేళ్ళ నుంచి ఐదేళ్ళు చేశారు. ఊళ్ళో కమ్మరి చేసిన నాటు తుపాకీ అటక మీద దాచుకున్న వాళ్ళు ఈ చివరి మాటను రెండుసార్లు చదువుకోవాలి.

లైసెన్సు ఉన్నవాళ్ళ బాధ ఇంకొకటి. ఎన్నికల కోడ్ వస్తే తుపాకీ స్టేషన్లో పెట్టాలి. 2023లో తెలంగాణ శాసనసభ ఎన్నికల కోడ్ అక్టోబరు 9న వచ్చింది, పోలింగ్ నవంబరు 30న జరిగింది. వరి కోతకొచ్చే కాలమంతా అందులోనే పోయింది. 2024లో లోక్‌సభ ఎన్నికలకు మార్చి 16 నుంచి జూన్ దాకా కోడ్. ఆ వెంటనే పంచాయతీ, పరిషత్ ఎన్నికలు వరుసలో ఉంటాయి. లైసెన్సున్న ప్రతివారి తుపాకీ గుండుగుత్తగా తీసుకోనక్కరలేదనీ, స్క్రీనింగ్ కమిటీ ఒక్కో కేసు చూసి నిర్ణయించాలనీ ఎన్నికల సంఘం సూచనల్లోనే ఉంది. కింది స్థాయిలో ఆ కష్టం ఎవరు పడతారు? ఫోన్ చేసి తెచ్చి పెట్టమనడం తేలిక.

తుపాకీ చేతిలో ఉన్నంత మాత్రాన పందిని కొట్టే హక్కు వచ్చినట్టు కాదన్నది చాలామందికి తెలియని అసలు చిక్కు. లైసెన్సు ఒక చట్టం, అనుమతి మరో చట్టం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 2022లో సవరించాక అడవి పంది రెండో షెడ్యూల్‌లో ఉంది. అది మనుషులకు గానీ పంటకు గానీ ప్రమాదకరంగా మారిందని తేలితే, కారణాలు రాసి, ఫలానా ప్రాంతంలో చంపడానికి అనుమతి ఇచ్చే అధికారం 11వ సెక్షన్ కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కు, ఆయన అధికారమిచ్చినవారికి ఉంది. కేరళ 2022లో ఈ అధికారాన్ని స్థానిక సంస్థల అధ్యక్షులకు అప్పగించింది. తెలంగాణలోనూ సర్పంచుల ద్వారా, జాబితాలో ఉన్న షూటర్లతో పందులను కొట్టించే ఏర్పాటు కాగితం మీద ఉంది. చేలో చూస్తే షూటరు రాడు. వచ్చేసరికి చేను అయిపోతుంది. తూటా ఖర్చు, దారి ఖర్చు ఎవరివో తేలదు. కొట్టిన పందిని పాతిపెట్టాలి లేదా కాల్చాలి. మాంసం పంచుకుంటే అది మళ్ళీ కేసు.

సరైన అనుమతి, శిక్షణ ఉన్న షూటర్లు ఉంటే పని ఎంత త్వరగా అవుతుందో బిహార్ చూపింది. అక్కడ మనుబోతులను, అడవి పందులను కేంద్రం 2015 డిసెంబరులో ఒక ఏడాదికి హానికర జంతువులుగా ప్రకటించింది. 2016 జూన్‌లో మొకామా ప్రాంతంలో 200కు పైగా మనుబోతులను కొద్ది రోజుల్లోనే కొట్టారు. కొట్టిన షూటర్లు వెళ్ళింది మన హైదరాబాద్ నుంచే. దాని మీద ఇద్దరు కేంద్ర మంత్రులు బహిరంగంగా వాదులాడుకున్నారు. చంపడం సంతోషించాల్సిన విషయమని మేము అనడం లేదు. అక్కడ పని జరిగింది ప్రతి రైతుకూ రైఫిల్ ఇచ్చినందుకు కాదు, రాష్ట్రం అడిగినందుకు, కేంద్రం సంతకం పెట్టినందుకు.

మన దగ్గర ఆ సంతకం రాక, షూటరు రాక, రైతు కరెంటు తీగ లాగుతున్నాడు. ఈ విషయంలో సంఘం ఎవరినీ వెనకేసుకు రాదు. పంది కోసం చేను చుట్టూ పెట్టిన తీగకు పాలు తీసుకుని పోయే మనిషి, పక్క చేను రైతు, ఒక్కోసారి పెట్టిన రైతు సొంత కొడుకు బలవుతున్నారు. ఏ సీజన్‌లోనూ ఈ వార్త లేని పేపరు లేదు. సౌర కంచె తీగలో కరెంటు క్షణమాత్రం కొట్టి ఆగుతుంది, జంతువు అదిరిపోయి వెనక్కు తిరుగుతుంది. స్తంభం నుంచి నేరుగా లాగిన తీగ పట్టుకుంటే వదలదు. రెండూ కంచెలే కదా అనడం కుదరదు. నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద ఐదేళ్ళ దాకా శిక్ష పడవచ్చు. ప్రమాదమని తెలిసే పెట్టారని తేలితే అంతకన్నా పెద్ద సెక్షన్ ఉంది. పండిన పది బస్తాలకు ఇద్దరి కుటుంబాలు పోతాయి, చచ్చినవాడిదీ జైలుకు పోయినవాడిదీ.

ఇంతవరకు చెప్పింది పంది గురించి. జింక సంగతి వేరు. ఏ బోరూ దానికి పనికిరాదు. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కృష్ణజింక, తెలంగాణది చుక్కల దుప్పి. రెండు రాష్ట్రాలూ గౌరవించిన జంతువులే మన పెసర మొలకను, పత్తి మొక్కను కొరుకుతున్నాయి. కృష్ణజింక మొదటి షెడ్యూల్ జంతువు. ఆ షెడ్యూల్‌లోని జంతువును పంట తిన్నదన్న కారణంతో చంపడానికి చట్టంలో అనుమతే లేదు. చంపితే మూడేళ్ళకు తగ్గకుండా ఏడేళ్ళ దాకా జైలు, కనీసం 25 వేల జరిమానా. దుప్పిని కొట్టినా అడవి శాఖ కేసు తప్పదు. 'పంది అనుకున్నా' అనే మాట కోర్టులో నిలవదు. చీకట్లో రైఫిల్ వద్దనడానికి ఇదీ ఒక కారణమే.

నారాయణపేట జిల్లా కృష్ణ, మాగనూరు మండలాల రైతులను అడగండి, మందలుగా వచ్చే కృష్ణజింకలు మొలక దశలోనే చేనును ఎలా ఊడ్చేస్తాయో చెబుతారు. నంద్యాల జిల్లా రోళ్ళపాడులో బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం పెట్టారు. ఆ పిట్ట కనుమరుగవుతూ వచ్చింది, జింక మాత్రం పెరిగింది. చుట్టుపక్కల రైతులే దానికి మేత పెడుతున్నారు, బిల్లు లేకుండా. జింక బతకాలని దేశం అనుకుంటే మంచిదే, మనమూ కాదనం. ఆ మేత ఖర్చు దేశం భరించాలి, రెండెకరాల రైతు కాదు.

ఈ దిశగా ఒక చిన్న తలుపు తెరుచుకుంది. అడవి జంతువుల వల్ల జరిగే పంట నష్టాన్ని 2026 ఖరీఫ్ నుంచి ఫసల్ బీమాలో స్థానిక విపత్తుగా చేరుస్తామని కేంద్రం 2025 నవంబరులో ప్రకటించింది. నష్టం జరిగిన 72 గంటల్లో ఫోటోలతో యాప్‌లో తెలపాలి. ఏ జంతువులు, ఏ జిల్లాలు అన్నది రాష్ట్రాలే నోటిఫై చేయాలి. మెలిక అక్కడే ఉంది. మన రాష్ట్రాలు జాబితాలో పందిని రాసి జింకను వదిలేస్తే రోళ్ళపాడు రైతుకు ఒరిగేది సున్నా. మన ఒత్తిడి ఇప్పుడు ఇక్కడ పడాలి.

కాబట్టి వచ్చే నెల కలెక్టరేట్ల ముందు మనం పెట్టే అర్జీలో రైఫిల్ మాట ఉండదు. పంట రక్షణ లైసెన్సుకు 13వ సెక్షన్‌లోని ఆ రెండో వాక్యం ప్రకారం పన్నెండు బోరు ఇవ్వాలని, తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా నమోదు చేయాలని అడుగుతాం. కారణం రాయడం అధికారి బాధ్యత అని అదే చట్టం 14వ సెక్షన్ చెబుతోంది, దాని మీద అప్పీలు హక్కూ మనకుంది. ఎన్నికల వేళ పంట రక్షణ తుపాకులను కమిటీ విడిగా చూడాలి. ఫిర్యాదు అందిన మూడు రోజుల్లో షూటరు చేలో ఉండాలి, ఖర్చు అడవి శాఖ భరించాలి. బీమా జాబితాలో అన్ని మండలాలకూ పందితో పాటు జింక, దుప్పి, మనుబోతు పేర్లు చేర్చాలి. సౌర కంచెకు సబ్సిడీ ఒక్కో రైతుకు కాకుండా కలిసి అడిగే పది మంది రైతుల గుంపుకు ఇవ్వాలి. ఒక్క చేనుకు కంచె వేస్తే పంది పక్క చేనుకు పోతుంది, అంతే.

అర్జీతో పాటు రుజువులు కావాలి. ఈ సీజన్‌లో చేను పోయిన ప్రతి రైతూ తేదీ, సర్వే నంబరు, పంట, పోయిన విస్తీర్ణం, ఏ జంతువు అన్నది ఒక కాగితం మీద రాసి, అడుగుజాడ పక్కన చెయ్యి పెట్టి తీసిన ఫోటోతో గ్రామ కమిటీ కార్యదర్శికి ఇవ్వండి. పంది గిట్ట జాడ వెనక రెండు చిన్న గుర్తులు పడతాయి, జింక జాడకు మామూలుగా పడవు. ఆ తేడా ఫోటోలో కనిపించేలా తీయండి. కౌలు రైతులు కౌలు కాగితం లేకపోయినా ఇవ్వవచ్చు, పక్క చేను రైతులు ఇద్దరి సంతకాలు పెట్టించండి. ఇప్పటికే షూటరు కోసం దరఖాస్తు పెట్టి జవాబు రానివాళ్ళు ఆ దరఖాస్తు నకలు తప్పక జత చేయండి. మండల కమిటీలు వీటిని నెలాఖరులోగా జిల్లా కార్యాలయానికి చేర్చాలి.